చెక్కు నోటీసు వచ్చిన ఇంటికి నాలుగు మాటలు

(పట్టణ షాదీఖానాలో ఇషా నమాజు అనంతరం జరిగిన న్యాయ అవగాహన సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



మన హక్కుల గురించి జరిగే సభలలో రిజర్వేషన్లు, వక్ఫ్ భూములు, ఖబరస్తాన్ స్థలాలు, పిల్లల స్కాలర్‌షిప్పులు ప్రస్తావనకు వస్తాయి. అవన్నీ అవసరమైన విషయాలే. ఈ రాత్రి మాత్రం అంతకంటే చిన్నదిగా కనిపించే ఒక కాగితాన్ని గురించి మాట్లాడదలచాము. అది బ్యాంకు నుండి తిరిగి వచ్చిన చెక్కు. దాని వెనుక వచ్చే వకీలు నోటీసు. ఆ నోటీసు తరువాత వచ్చే కోర్టు సమన్లు. పదవీ విరమణ చేసిన మేము కొందరం, ఊరిలో ఎవరికైనా దరఖాస్తు రాయవలసి వచ్చినా, కార్యాలయానికి తోడు వెళ్లవలసి వచ్చినా చేతనైన సాయం చేస్తున్నాము. ఆ పనిలో మా వద్దకు తరచుగా వచ్చే కాగితాలలో ఇది ఒకటి.

ఎవరి ఇళ్లకు వస్తున్నదీ నోటీసు? దొంగతనమో దౌర్జన్యమో చేసినవారి ఇళ్లకు కాదు. మెకానిక్ షెడ్డు పెట్టుకున్న కుర్రవాడు స్పేర్ పార్టుల కోసం చెక్కు ఇస్తాడు. ఫర్నిచర్ పని చేసే సోదరుడు కలప బాకీకి చెక్కు ఇస్తాడు. చెల్లెలి పెళ్లికి ఫైనాన్స్ తీసుకున్న అన్న సంతకం చేసిన ఖాళీ చెక్కులు మూడు అప్పగిస్తాడు. గల్ఫ్ వీసా కోసం డబ్బు అప్పు తెచ్చుకున్నవాడు, బావమరిదికి హామీగా నిలబడినవాడు, చీటీ పాడుకున్న గృహిణి, వీరందరూ తమ జీవితంలో ఒక్కసారి కూడా పోలీసు స్టేషను మెట్లు ఎక్కనివారే. అటువంటి ఇంటికి మొట్టమొదటిసారిగా 'ముద్దాయి' అన్న మాట ఒక కాగితం మీద వస్తుంది. ఆ మాటను చూడగానే ఇంటిల్లిపాదికీ కాళ్లు చేతులు ఆడవు.

భయంలో మనవారు రెండు పనులు చేస్తున్నారు. కొందరు తపాలా తీసుకోకుండా వెనక్కి పంపుతున్నారు. మరికొందరు 'కేసు లేకుండా చేయిస్తాను' అనే మధ్యవర్తి చేతిలో డబ్బు పోస్తున్నారు. ఈ రెండూ నష్టమే. ఈ వ్యవహారంలో మనిషిని ముంచేది చాలాసార్లు అప్పు కాదు, దాటిపోయిన గడువు. మేము ఈ రాత్రి చెప్పదలచుకున్నది అంతే.

ముందు చట్టాన్ని చూద్దాం. నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 1881 నాటిది. చెక్కు చెల్లకపోవడాన్ని నేరంగా పరిగణించే 138వ సెక్షను అందులో మొదట లేదు. 1988లో చేసిన సవరణతో చేర్చగా, 1989 ఏప్రిల్ 1 నుండి అమలులోకి వచ్చింది. అప్పు గానీ, చెల్లించవలసిన ఇతర బాకీ గానీ తీర్చడానికి ఇచ్చిన చెక్కు, ఖాతాలో సొమ్ము చాలక తిరిగి వస్తే, ఆ తరువాత నోటీసు ఇచ్చినా చెల్లించకపోతే అది నేరం. శిక్ష రెండేళ్ల వరకు జైలు, లేదా చెక్కు మొత్తానికి రెట్టింపు వరకు జరిమానా, లేదా రెండూ. 'వరకు' అన్న మాటను గమనించండి. అది గరిష్ఠ పరిమితి మాత్రమే. శిక్షలో న్యాయస్థానాల దృష్టి ప్రధానంగా ఫిర్యాదికి సొమ్ము దక్కడం మీద ఉంటుంది.

చెక్కు తిరిగి రావడంతోనే నేరం పూర్తికాదు. చట్టం మెట్లు కట్టి ఉంచింది. చెక్కు మీది తేదీ నుండి మూడు నెలలలోగా దానిని బ్యాంకులో వేయాలి. చెల్లలేదని బ్యాంకు తెలిపిన నాటి నుండి 30 రోజులలోగా చెక్కు పొందినవారు లిఖితపూర్వకంగా నోటీసు పంపాలి. ఆ నోటీసు మన చేతికి అందిన నాటి నుండి 15 రోజుల గడువు మనది. ఆ 15 రోజులలో చెల్లిస్తే 138వ సెక్షను కింద నేరమే లేదు. చెల్లించకపోతే, గడువు ముగిసిన తరువాత ఒక నెలలోగా వారు మేజిస్ట్రేటు కోర్టులో ఫిర్యాదు దాఖలు చేయాలి. ఆలస్యానికి తగిన కారణం చూపితే కోర్టు మన్నించవచ్చు.

మేము కార్యాలయంలో ఉన్న కాలమంతా కాగితం రాగానే మొదట వేసేది తేదీ ముద్ర. ఆ అలవాటును మీ ఇంట్లోనూ పెట్టుకోవలసిందని మనవి. నోటీసు రాగానే కవరు పారవేయకండి. దాని మీద అందిన తేదీ రాయండి. ఇంట్లో క్యాలెండరు మీద పదిహేనవ రోజుకు గుర్తు పెట్టండి. అక్కడి నుండి ప్రతిరోజుకూ విలువ ఉంది.

తపాలా తిరస్కరిస్తే నోటీసు అందనట్లే కదా అని కొందరి వాదన. కాదు. సరైన చిరునామాకు రిజిస్టర్డ్ తపాలాలో పంపిన నోటీసును తీసుకోకపోయినా, అది అందినట్లుగానే కోర్టు భావిస్తుంది. ఇదే విషయాన్ని 2007లో సుప్రీంకోర్టు స్పష్టం చేస్తూ మరొక దారి కూడా చూపింది. నోటీసు నిజంగా అందలేదనే వ్యక్తి, కోర్టు సమన్లు అందిన 15 రోజులలోగా చెక్కు మొత్తం చెల్లించి ఆ సంగతి కోర్టుకు తెలిపి ఫిర్యాదును కొట్టివేయమని కోరవచ్చు. అలా చెల్లించనివారు మాత్రం నోటీసు అందలేదన్న వాదన తెచ్చుకోలేరు.

మా వద్దకు వచ్చిన ఒక కుటుంబం సంగతి చెబుతాము. వివరాలు మార్చి చెబుతున్నాము. ఫర్నిచర్ పని చేసే యువకుడు. కలప బాకీ కింద లక్షా నలభై వేల రూపాయలకు చెక్కు ఇచ్చాడు. అందులో అరవై వేలు అప్పటికే నగదుగా కట్టాడు. రసీదు లేదు. నోటీసు వస్తే తండ్రి సంతకం చేయకుండా వెనక్కి పంపాడు. సమన్లు వచ్చినప్పుడు కుర్రవాడు పని మీద వేరే ఊరిలో ఉన్నాడు. తల్లి కాగితాన్ని బీరువాలో దాచింది. వాయిదాలు దాటాయి, వారంటు వచ్చింది. రంజాన్ నెలలో సహరీ వేళకు ఇంటి ముందు పోలీసులు నిలబడ్డారు. ఆ ఉదయం ఆ తల్లి పడిన వేదన మాటలలో చెప్పలేము. చివరకు రాజీ కుదిరింది. అయితే కట్టిన అరవై వేలలో ఇరవై వేలకే అవతలివారు ఒప్పుకున్నారు. మొదటి పదిహేను రోజులలో ఒక సమాధానం రాసి ఉంటే, ఒక రసీదు చేతిలో ఉండి ఉంటే ఈ కథ వేరుగా నడిచేది. ఆ తండ్రి చెడ్డవాడు కాడు. తపాలా ముట్టకపోతే ఆపద ముట్టదని నమ్మాడు, అంతే.

ఇక నోటీసు వచ్చినప్పుడు ఏమి చేయాలి? మొదట మనలను మనమే అడగవలసిన ప్రశ్న ఒకటి ఉంది. ఈ బాకీ నిజమా, కాదా?

నిజమైతే తీర్చడమే మార్గం. ఒకేసారి కట్టగలిగితే 15 రోజులలోపు కట్టండి. నగదు వద్దు. బ్యాంకు ద్వారా గానీ డిమాండ్ డ్రాఫ్టు ద్వారా గానీ కట్టండి. అసలు చెక్కును, రాతపూర్వక రసీదును తీసుకోండి. మొత్తం కట్టలేని స్థితి ఉంటే ఆ సంగతినే వకీలు ద్వారా లిఖితపూర్వకంగా తెలియజేసి వాయిదాలు అడగండి. అవతలివారు ఒప్పుకోవాలన్న నియమం లేదు. కానీ మీ సద్బుద్ధికి ఆ కాగితం సాక్షిగా ఉంటుంది. చెక్కు ఇచ్చిన తరువాత, అది బ్యాంకుకు వెళ్లకముందే కొంత సొమ్ము కట్టి ఉంటే ఆ సంగతి తప్పక చెప్పాలి. పాక్షికంగా చెల్లింపు జరిగిన తరువాత, దానిని చెక్కు మీద నమోదు చేయకుండా పూర్తి మొత్తానికి చెక్కు వేస్తే 138 కింద నేరం కాదని 2022లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. అయితే చెల్లింపును రుజువు చేయాలి. రసీదు లేని అరవై వేల విలువ ఎంతో ఇప్పుడే చూశాము.

బాకీ నిజం కాకపోతే, లేదా అప్పు తీరిపోయినా హామీగా ఇచ్చిన ఖాళీ చెక్కును ఇష్టమొచ్చిన అంకె వేసి వాడుకుంటే, మౌనంగా ఉండకూడదు. ఇక్కడ చట్టంలోని ఒక కఠినమైన సంగతి తెలియాలి. సంతకం మనదే అయితే, ఆ చెక్కు నిజమైన బాకీకే ఇచ్చామని కోర్టు మొదట అనుకుంటుంది. ఇది 139వ సెక్షను. కాదని చూపవలసిన భారం మన మీద ఉంటుంది. సంతకం చేసి ఖాళీగా ఇచ్చినా ఇదే వర్తిస్తుందని 2019లో సుప్రీంకోర్టు చెప్పింది. అయితే ఆ భారం కొండంత కాదు. అనుమానానికి తావులేనంతగా రుజువు చేయనవసరం లేదు. మన మాటే ఎక్కువ నమ్మదగినదిగా ఉన్నదని తోస్తే చాలు. అప్పు తీర్చిన బ్యాంకు వివరాలు, వాట్సాప్ సందేశాలు, అంత సొమ్ము ఇచ్చే స్తోమత అవతలివారికి లేదన్న ఆధారాలు, ఇవన్నీ పనికివస్తాయి. వీటితోపాటు నోటీసుకు సకాలంలో ఇచ్చిన సమాధానం చాలా ముఖ్యం. మొదట మౌనంగా ఉండి రెండేళ్ల తరువాత బోనులో చెప్పే మాటకు బలం తక్కువ.

'స్టాప్ పేమెంట్' రాసి ఇచ్చాము, ఖాతా మూసేశాము, ఇక కేసు నిలవదు అని కొందరు ధైర్యం చెబుతారు. నమ్మకండి. బాకీ నిజమై ఉంటే అవి రక్షణ కావు.

మన ఆడపడుచులకు ఒక మాట. చెక్కు మీద ఎవరి సంతకం ఉంటే బాధ్యత వారిదే. భార్యాభర్తల ఉమ్మడి ఖాతా అయినా, సంతకం చేయని భార్య మీద 138 కింద కేసు నిలవదని 2013లో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. దీనికి మరో వైపు కూడా ఉంది. భర్త వ్యాపారానికో మరిది అప్పుకో మీ ఖాతా చెక్కు మీద మీరు సంతకం చేస్తే కోర్టు మెట్లు ఎక్కవలసింది మీరే. కాబట్టి అమ్మా, 'సంతకం పెట్టు, నీకెందుకు' అంటే పెట్టకండి. ఎందుకో అడగడం మీ హక్కు.

ఇప్పుడు పోలీసుల సంగతి. మన మొహల్లాలలో ఈ భయం ఎక్కువ. దానికి కారణాలూ లేకపోలేదు. అందుకే ఇక్కడ స్పష్టత కావాలి. 138వ సెక్షను కింద పోలీసులు నేరుగా కేసు నమోదు చేయరు. చెక్కు పొందినవారు కోర్టులోనే లిఖిత ఫిర్యాదు ఇవ్వాలి. ఇది బెయిలు ఇవ్వదగిన నేరం. అంటే బెయిలు మన హక్కు. స్టేషనుకు పిలిపించి 'సాయంత్రానికి డబ్బు కట్టు' అని బాకీ వసూలు చేయడం పోలీసుల పని కాదు. ఎవరైనా ఫోను చేసి రమ్మంటే, ఏ ఫిర్యాదు మీద, ఏ సెక్షను కింద పిలుస్తున్నారో మర్యాదగా అడగండి. లిఖితపూర్వక నోటీసు కోరండి. ఒంటరిగా వెళ్లకుండా వకీలునో పెద్దమనిషినో వెంట తీసుకువెళ్లండి. అయితే ఒక జాగ్రత్త. మొదటి నుండీ మోసం చేసే ఉద్దేశంతోనే చెక్కు ఇచ్చారని ఆరోపిస్తే, మోసం నేరం కింద పోలీసు కేసు వేరుగా రావచ్చు. అది 138కి భిన్నమైనది. అటువంటి నోటీసు వస్తే అదే రోజు వకీలును కలవండి.

కోర్టు సమన్లు వస్తే వెళ్లవలసిందే. చెక్కు పొందినవారి బ్యాంకు ఖాతా ఏ శాఖలో ఉంటే ఆ పరిధిలోని కోర్టులోనే కేసు వేయాలని 2015 సవరణ చెబుతుంది. అందువల్ల కడపలో ఉన్నవారికి హైదరాబాదు నుండి సమన్లు రావచ్చు. దూరమని మానకూడదు. మొదటి వాయిదాకు హాజరై, వకాల్తా వేసి, బాండు గానీ జామీను గానీ ఇస్తే సాధారణంగా ఆ రోజే ఇంటికి వస్తారు. ఆ తరువాత ప్రతి వాయిదాకూ స్వయంగా రాలేని స్థితి ఉంటే, తగిన కారణం చూపి మినహాయింపు కోరవచ్చు. చెప్పకుండా మానితేనే వారంటు. నేరం ఒప్పుకోనప్పుడు, కేసు నడుస్తుండగానే చెక్కు మొత్తంలో 20 శాతం వరకు మధ్యంతర పరిహారం కట్టమని కోర్టు ఆదేశించే అవకాశం 2018 సవరణతో వచ్చింది. అది అన్ని కేసులలోనూ యాంత్రికంగా విధించేది కాదని, కారణాలు చూసి నిర్ణయించాలని 2024లో సుప్రీంకోర్టు చెప్పింది. మీ కష్టం ఏమిటో ఆ సమయంలో కోర్టు ముందు పెట్టవలసింది మీరే.

రాజీ ద్వారం మాత్రం ఏ దశలోనూ మూసుకోదు. ఎంత ఆలస్యమైతే అంత ఖర్చు. కింది కోర్టులో ముద్దాయి తన సాక్ష్యం చెప్పకముందే చెక్కు సొమ్ము కట్టేస్తే అదనపు భారం లేకుండా రాజీకి అనుమతించవచ్చని, ఆ తరువాత దశను బట్టి 5 శాతం, 7.5 శాతం, 10 శాతం చొప్పున కట్టవలసి ఉంటుందని 2025 సెప్టెంబరులో సుప్రీంకోర్టు మార్గదర్శకాలు ఇచ్చింది. రాజీ అయిన కేసుకు నిర్దోషిగా విడుదలైన ఫలితమే ఉంటుంది. లోక్ అదాలత్‌లో కుదిరిన రాజీకి డిక్రీతో సమానమైన బలం ఉంటుంది, దాని మీద అప్పీలు లేదు. కాబట్టి పరువు కోసం కట్టలేని వాయిదాలకు ఒప్పుకోకండి. నెలకు ఎంత మిగులుతుందో ఇంట్లో కూర్చుని లెక్క వేసుకున్న తరువాతే సంతకం చేయండి.

వకీలుకు డబ్బు లేదా? 1987 నాటి న్యాయ సేవాధికార సంస్థల చట్టం కింద ఉచితంగా వకీలును ఇస్తారు. మైనారిటీ అన్న కారణం ఒక్కటే అందుకు అర్హత కాదు, ఇది గుర్తుంచుకోండి. కానీ స్త్రీలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఆ హక్కు ఉంది. వికలాంగులకు ఉంది. పురుషులకు ఆదాయ పరిమితి లోపల ఉంటే ఉంది. కోర్టు ఆవరణలోనే కార్యాలయం ఉంటుంది. 15100 నంబరుకు ఫోను చేసినా దారి చెబుతారు. మధ్యవర్తికి ఇచ్చే డబ్బుతో సగం బాకీ తీరుతుంది. ఆలోచించండి.

గల్ఫ్‌కు వెళ్లదలచిన యువకులకు, ఉద్యోగాల కోసం ప్రయత్నించే పిల్లలకు ఒక హెచ్చరిక. కోర్టులో క్రిమినల్ కేసు పెండింగులో ఉంటే పాస్‌పోర్టు నిరాకరించే అధికారం 1967 పాస్‌పోర్టుల చట్టం ఇస్తుంది. అయితే సంబంధిత కోర్టు అనుమతి తెచ్చుకుంటే 1993 నాటి కేంద్ర ప్రభుత్వ ఉత్తర్వు ప్రకారం పాస్‌పోర్టు పొందవచ్చు. కనుక కేసు దాచి దరఖాస్తు చేయకండి. సర్కారీ ఉద్యోగాల అటెస్టేషన్ ఫారంలో అడిగినప్పుడూ ఉన్నది ఉన్నట్లు రాయండి. చిన్న కేసును చెప్పుకున్నవాడి కంటే దాచినవాడే ఎక్కువ నష్టపోవడం మేము ఉద్యోగ కాలంలో చూశాము.

చివరగా సమాజంగా మన బాధ్యత. ఈ చట్టం కేవలం అప్పు తీసుకున్నవారిని వేధించడానికి వచ్చినది కాదు. అరువు మీద సరుకు ఇచ్చి చెక్కు పట్టుకుని తిరిగే చిరువ్యాపారి కూడా మనవాడే. అతని సొమ్ముకు ఇదే రక్ష. ఎవరి పక్షమైనా న్యాయం ఒకటే: అప్పు ఇస్తే రాసుకోవాలి, తీరితే రాయించుకోవాలి. ఖురాన్‌లో అన్నిటికంటే పొడవైన ఆయత్ అప్పు రాసుకోవడాన్ని గురించి, సాక్షులను గురించి చెప్పేదే అని మనకందరికీ తెలుసు. నమాజు వరుసలో పక్కపక్కన నిలబడేవారమని రాత లేకుండా లక్షలు ఇచ్చిపుచ్చుకోవడం నమ్మకం కాదు, నిర్లక్ష్యం. ఇబ్బందిలో ఉన్నవాడికి గడువు ఇవ్వమన్న ఆదేశమూ ఆ సూరాలోనే, దానికి కొద్దిగా ముందే ఉంది. ఇచ్చినవారు, తీసుకున్నవారు ఇద్దరూ వినవలసిన మాటలు అవి.

మస్జిద్ కమిటీల పెద్దలకు మా విన్నపం. చెక్కు కేసు వచ్చిన కుటుంబాన్ని వేలెత్తి చూపకండి. వారి పిల్లల పెళ్లి సంబంధాలు చెడిపోయేలా మాట్లాడకండి. కేసు వచ్చినంత మాత్రాన దోషి కాడు. ప్రతి మొహల్లాలో చదువుకున్న ఇద్దరు యువకులు వారానికి ఒక సాయంత్రం కూర్చుని, వచ్చిన నోటీసు చదివి, గడువు లెక్కగట్టి, న్యాయ సేవాధికార సంస్థ దాకా తోడు వెళితే చాలు. పెద్ద నిధులు అక్కరలేదు. ఒక పుస్తకం, ఒక కలం, కొంచెం ఓపిక కావాలి.

ఇళ్లకు వెళ్లిన తరువాత చెక్కు పుస్తకం తీసి చూడండి. సంతకం చేసి ఎవరి వద్దనైనా ఉంచిన ఖాళీ చెక్కులు ఎన్ని, వాటి నంబర్లు ఏమిటి, ఏ అప్పుకు ఇచ్చారు, ఆ అప్పు తీరిందా, తీరితే చెక్కు వెనక్కి వచ్చిందా, ఇవన్నీ ఒక కాగితం మీద రాయండి. వెనక్కి రాని చెక్కును లిఖితపూర్వకంగా అడగండి. రేపటి నోటీసును ఎదుర్కొనే బలం ఈ రాత్రి రాసే ఆ కాగితంలో ఉంది.

అల్లాహ్ మన అందరి అప్పులూ గౌరవంగా తీరే మార్గం చూపుగాక.